పుచ్చిన మాను మనిషిని మోస్తుందా?

పుచ్చు పట్టిన చెట్టును కొమ్మకొమ్మగా, దుంగదుంగగా పై నుంచి దించాలంటే ఎవరో ఒకరు దాని మీదికి ఎక్కాలి. ఎక్కిన మనిషి బరువునూ, అతను కట్టే తాళ్ళనూ, ఆ తాళ్ళకు వేలాడే దుంగల కుదుపులనూ మోయవలసింది ఆ పుచ్చిన చెట్టే. ఈ పనిలోని చిక్కంతా ఇక్కడే ఉంది. పొలం గట్టు మీది చెట్టయితే కింది నుంచే కోసి పడేయవచ్చు. ఇంటి గోడను ఆనుకునో, కరెంటు తీగల మధ్యనో, బడి ఆవరణలోనో ఉన్న చెట్టుకు ఆ వీలుండదు. అందుకని రంపం బయటికి తీయకముందే మూడు సంగతులు తేల్చుకోవాలి: చెట్టులో గట్టి కర్ర ఎంత మిగిలింది, ఎక్కడ మిగిలింది, చేయబోయే పని దాని మీద ఎంత భారం వేస్తుంది. మొదటి రెండింటినీ అనుభవం ఉన్న మేస్త్రీలు ఎంతో కొంత చూసుకుంటారు. మూడోదాన్ని లెక్కలోకి తీసుకునేవాళ్ళు తక్కువ.

చెట్టు లోపల జరిగేది

చెట్టుకు గాయం మానడం అంటూ ఉండదు. దెబ్బతిన్న కర్ర దెబ్బతిన్నట్టే లోపల ఉండిపోతుంది. దాని చుట్టూ చెట్టు అడ్డుగోడలు కట్టుకుని, వాటికి వెలుపల ఏటేటా కొత్త కర్రను పెంచుకుంటుంది. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన శాస్త్రవేత్త అలెక్స్ షైగో (1930–2006) వేలాది చెట్లను నిలువునా రంపంతో చీల్చి చూసి ఈ సంగతి రూఢి చేశాడు. 1977లో వెలువడిన ఆయన పుస్తకం ఈ అడ్డుగోడలను నాలుగుగా లెక్కించింది. పైకీ కిందికీ పాకే కుళ్ళును ఆపే గోడ అన్నిటికన్నా బలహీనమైనది. లోపలివైపు గోడ కొంత నయం, పక్కలకు పాకనివ్వని గోడ ఇంకొంత నయం. గాయమయ్యే నాటికి ఉన్న కర్రకూ, ఆ తర్వాత పెరిగిన కర్రకూ మధ్య చెట్టు కట్టే నాలుగో గోడ అన్నిటికన్నా గట్టిది.

దీన్నిబట్టి రెండు విషయాలు తెలుస్తాయి. ఒకటి, కుళ్ళు సాధారణంగా మాను మధ్యలో నిలువు స్తంభంగా ఏర్పడుతుంది. కింద చిన్న తొర్ర కనిపించినా లోపల అది రెండు మూడు మనుషుల ఎత్తు దాకా పోయి ఉండవచ్చు. రెండు, నాలుగో గోడ నిలిచినంత కాలం కుళ్ళు గాయం నాటి మాను లావును దాటి బయటికి రాదు. మొక్కగా ఉన్నప్పుడు దెబ్బ తగిలిన చెట్టులో పుచ్చు సన్నగా ఉంటుంది. మహావృక్షమయ్యాక పెద్ద కొమ్మను మొదలంటా నరికినా, రోడ్డు వెడల్పు చేస్తూ లావు వేళ్ళను పొక్లెయిన్‌తో తెంపినా శిలీంధ్రానికి తినడానికి బోలెడు కర్ర ఒక్కసారిగా దొరుకుతుంది. చెట్టుకు పాతికేళ్ళ కింద ఏం జరిగిందో ఇరుగుపొరుగును అడిగి తెలుసుకోవడం కూడా పరీక్షలో భాగమే.

తొర్రలోని కుళ్ళును గీకేసి సిమెంటుతో పూడ్చే అలవాటు మన గుళ్ళలో, పార్కుల్లో ఇంకా ఉంది. గీకేటప్పుడు చెట్టు కట్టుకున్న గోడ తెగి కుళ్ళు కొత్త కర్రలోకి పోతుంది. సిమెంటు వల్ల మానుకు బలమూ రాదు. పైగా ఏళ్ళ తర్వాత ఆ చెట్టును కోసేవాడి రంపం ఆ సిమెంటుకు తగిలి వెనక్కి తన్నుతుంది. బోర్డులు తగిలించిన మేకుల సంగతీ ఇంతే.

డొల్ల మాను లెక్క

గాలి తోసినప్పుడు మాను వంగుతుంది. ఆ వంపులో లాగుడూ ఒత్తిడీ ఎక్కువగా పడేది బయటి అంచు మీద. నడిమధ్య కర్ర మీద పడేది నామమాత్రం. వెదురు బొంగు లోపల ఖాళీగా ఉండి కూడా గాలికి నిలబడేది ఇందుకే. 60 సెంటీమీటర్ల అడ్డకొలత ఉన్న మానులో సరిగ్గా మధ్యన 30 సెంటీమీటర్ల మేర గుల్ల అయిందనుకుంటే, వంపును తట్టుకునే బలంలో పోయేది నూటికి 6 వంతులే. గుల్ల 42 సెంటీమీటర్లయితే 24 వంతులు పోతాయి. 54 సెంటీమీటర్లయితే 66 వంతులు పోయి మూడో వంతు మాత్రం మిగులుతుంది. సగం లావు ఖాళీ అయ్యేదాకా చెట్టు పెద్దగా నష్టపోదు. ఆ పైన ప్రతి సెంటీమీటరుకూ పతనం వేగం పెరుగుతుంది. డొల్ల కనబడగానే ‘ఇది రేపో మాపో కూలుతుంద’ని బెదిరిపోవడం ఎంత తప్పో, ‘ఇన్నాళ్ళూ నిలబడింది కదా’ అని ధీమా పడడమూ అంతే తప్పు.

జర్మనీలోని కార్ల్స్‌రూహే పరిశోధన కేంద్రానికి చెందిన క్లౌస్ మాటెక్ 1990ల మొదట్లో నిలబడి ఉన్నవీ విరిగిపడినవీ వందలాది డొల్ల చెట్లను కొలిచి ఒక గీటు గీశాడు. చుట్టూ మిగిలిన గట్టి అంచు మందం మాను వ్యాసార్ధంలో పదింట మూడు వంతులకన్నా తగ్గితే విరిగే ప్రమాదం బాగా పెరుగుతుందని ఆయన తేల్చాడు. పైన చెప్పుకున్న 60 సెంటీమీటర్ల మానుకు అది 9 సెంటీమీటర్లు. చెట్లను పరీక్షించేవాళ్ళందరికీ ఈ లెక్క కంఠతా వచ్చింది. అంతే వేగంగా దుర్వినియోగమూ అయింది. గుల్ల సరిగ్గా మధ్యన ఉండి, చుట్టూ అంచు తెగకుండా ఉన్నప్పుడే ఇది కొంత నమ్మదగింది. ఒక పక్కకు నోరు తెరుచుకున్న తొర్ర, నిలువు చీలిక, ఒకవైపు మందంగా మరోవైపు పలచగా ఉన్న అంచు ఈ లెక్కకు లొంగవు.

అంతకన్నా పెద్ద సంగతి మరొకటుంది. ఈ గీటు గాలికి ఊగే చెట్టు కోసం గీసినది. అందులో చెట్టు మీద మనిషి లేడు, తాడూ గిలకా లేవు. గాలికి నిలిచిన చెట్టు దుంగలు దించే పనికి కూడా నిలుస్తుందని దానినుంచి అనుకోవడానికి వీల్లేదు.

కుళ్ళులో రకాలు

కర్రలో ప్రధానంగా రెండు పదార్థాలు ఉంటాయి. లాగుడును తట్టుకునే పోగులు సెల్యులోజువి. వాటిని కలిపి పట్టి ఉంచేది లిగ్నిన్. ఏ శిలీంధ్రం దేన్ని ముందు తింటుందన్నదాన్ని బట్టి కర్ర విరిగే తీరు మారుతుంది. సెల్యులోజును తినేసే రకం గోధుమ కుళ్ళు. అది పట్టిన కర్ర ముదురు గోధుమరంగుకు తిరిగి, చదరపు ముక్కలుగా పగిలి, వేళ్ళ మధ్య నలిపితే పొడి అవుతుంది. లిగ్నిన్‌ను కూడా తినే రకం తెల్ల కుళ్ళు. దాన్లో కర్ర పాలిపోయి, మెత్తబడి, పీచుపీచుగా ఊడుతుంది.

తెల్ల కుళ్ళు పట్టిన కొమ్మ చాలాసార్లు వంగి, కిర్రుమని చప్పుడు చేసి, తర్వాత విరుగుతుంది. గోధుమ కుళ్ళు పట్టినది ముందస్తు సూచన లేకుండా ఫట్టున విరుగుతుంది. ఎక్కేవాడికి ఈ తేడా ప్రాణంతో సమానం. పైగా గోధుమ కుళ్ళు మొదలైన కొత్తలో కంటికి ఏమీ కనిపించదు. కర్ర బరువులో నూటికి ఐదు పది వంతులు తగ్గేసరికే కుదుపును తట్టుకునే శక్తిలో సగానికి పైగా పోయి ఉంటుంది. రంపం నడుస్తున్నప్పుడు రాలే పొట్టును గమనించే మేస్త్రీలున్నారు. మంచి కర్ర నుంచి తునకలు వస్తాయి, కుళ్ళిన కర్ర నుంచి ముదురు రంగు దుమ్ము వస్తుంది. దుమ్ము కనిపించిన చోట రంపం ఆపి, తాడు ఎక్కడ కట్టారో మళ్ళీ చూసుకోవాలి.

మొదలు దగ్గరో, మాను మీదో పొడుచుకొచ్చే గట్టి పుట్టగొడుగులు అన్నిటికన్నా నమ్మకమైన సాక్ష్యం. పైభాగం వార్నిష్ వేసినట్టు మెరుస్తూ, అంచు తెల్లగా ఉండే గానోడెర్మా మన తురాయి చెట్ల మొదళ్ళలోనూ కొబ్బరి మొదళ్ళలోనూ తరచుగా కనబడుతుంది. అది బయటికి వచ్చిందంటే లోపల శిలీంధ్రం ఏళ్ళ తరబడి మేసి ఉందని అర్థం. పుట్టగొడుగు లేకపోవడం మాత్రం దేనికీ రుజువు కాదు. కొన్ని వానాకాలంలో వచ్చి వారాల్లో రాలిపోతాయి.

ఆకులు చెప్పే అబద్ధం

నీళ్ళు పైకి ఎక్కేది బయటి లేత కర్ర గుండా. చేవ మొత్తం పుచ్చి పోయినా ఆకులు పచ్చగానే ఉండగలవు. అందువల్ల పచ్చదనాన్ని చూసి బలాన్ని అంచనా వేయకూడదు. మన రోడ్ల పక్క తురాయి, కొండచింత, నిద్రగన్నేరు చెట్లు నిండా పూసి ఉండగానే వేసవి గాలివానకు మొదలంటా పడిపోవడం చూస్తూనే ఉంటాం. తీరా చూస్తే వేళ్ళ దగ్గర కర్ర నల్లగా, మెత్తగా ఉంటుంది. గోదావరి ఒడ్డున కొవ్వూరు దగ్గరి కుమారదేవంలో వందలాది సినిమాల్లో కనిపించిన నిద్రగన్నేరు చెట్టు ఉండేది. నూట యాభై ఏళ్ళదని చెప్పుకునే ఆ సినిమా చెట్టు 2024 ఆగస్టులో చీలి నేలకొరిగింది.

దీనికి తలకిందులైన ఉదాహరణ వేప. కొన్నేళ్ళుగా తెలంగాణలో, రాయలసీమలో వేపచెట్లు చివుళ్ళ నుంచి ఎండుకొస్తూ కాలిపోయినట్టు కనబడుతున్నాయి. ఇది ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం తెచ్చే ఎండు తెగులు. చూడడానికి చెట్టు చచ్చిపోయినట్టే ఉంటుంది గాని తెగులు సాధారణంగా సన్న రెమ్మలకే పరిమితం. మాను గట్టిగానే ఉండి, చాలా చెట్లు మళ్ళీ చిగురిస్తాయి. పచ్చటి తురాయి కన్నా మాడిన వేప ఎక్కడానికి భద్రంగా ఉండవచ్చన్నమాట. మాడిన వేపలను కంగారుపడి కొట్టించినవాళ్ళు అనవసరంగా ఖర్చు పెట్టుకున్నారు.

చుట్టూ తిరిగి చూడడం

పరీక్ష నేల దగ్గర మొదలుకావాలి. కొమ్మ విరిగితే కొమ్మే పోతుంది. వేరు తెగితే ఎక్కిన మనిషితో సహా చెట్టంతా పోతుంది. మాను చుట్టూ మట్టిలో అర్ధచంద్రాకారంలో పగులు ఉన్నా, ఒకవైపు నేల పొంగినట్టున్నా వేళ్ళు పట్టు వదులుతున్నాయి. వాలిన చెట్టునల్లా అనుమానించనక్కర లేదు. చిన్ననాటి నుంచీ వాలి పెరిగిన చెట్టు కొన క్రమంగా నిటారుగా తిరిగి ఉంటుంది, అది తన వాలుకు తగ్గట్టు కర్ర పెంచుకుంది. మొదలు నుంచి కొన దాకా తిన్నగా ఉండి మొత్తం ఒరిగిన చెట్టు మాత్రం ఈ మధ్యే ఒరిగింది. దాని మీదికి ఎవరూ ఎక్కకూడదు.

మాను మీద చూడవలసినవి: నిలువు చీలికలు, లోపలికి కుంగిన బెరడు, అకారణంగా ఉబ్బిన చోటు, పాత నరుకుడు మచ్చలు. ఉబ్బు అంటే లోపలి బలహీనతకు చెట్టు బయట కర్ర కట్టుకుంటోందని. రెండు సమానమైన కొమ్మలు ఇరుకుగా పుట్టి, పంగలో బెరడు ఇరుక్కుపోతే అక్కడ కర్రకూ కర్రకూ అతుకు ఉండదు, బరువు పడితే ఆ పంగ నిలువునా విప్పుకుంటుంది. తాడు వేయడానికి చూపులకు అనువుగా కనిపించేది కూడా అలాంటి పంగే. చెదమన్ను చూసి చెద వల్లే చెట్టు పాడైందనుకుంటారు. ఎక్కువసార్లు అది అప్పటికే చచ్చిన కర్రను వెతుక్కుంటూ వచ్చింది. తొర్రలో తేనెపట్టు, కందిరీగలు, పాము ఉన్నాయేమో కింద నుంచే కర్రతో తట్టి చూడాలి. ఇరవై అడుగుల ఎత్తున తాడుకు కట్టుకుని ఉన్నవాడు తేనెటీగల నుంచి పారిపోలేడు.

తర్వాత కొయ్య సుత్తి. మాను చుట్టూ, వేర్వేరు ఎత్తుల్లో కొట్టి చప్పుడు వినాలి. గట్టి చోట పొడిగా టక్కుమంటుంది, డొల్ల చోట లోతుగా మోగుతుంది. ఇది అంచు బాగా పలచబడిన చోటును పట్టిస్తుంది గాని, మందమైన అంచు వెనక ఏముందో చెప్పలేదు. తొర్రలోకి సన్నని ఇనుప ఊచ గుచ్చి లోతు కొలుస్తారు. పెద్ద నగరాల్లో, విదేశాల్లో ఇంకా సూక్ష్మమైన సాధనాలున్నాయి. వాటిలో ఒకటి సన్నని సూదిని మానులోకి దింపుతూ అది తిరగడానికి ఎంత ఎదురుబలం వస్తోందో గీత గీస్తుంది. సూది మొన వెడల్పు 3 మిల్లీమీటర్లే. ఇంకొకటి మాను చుట్టూ మేకులు కొట్టి, ఒక్కోదాన్ని తడుతూ శబ్దం మిగతావాటికి చేరే కాలాన్ని కొలుస్తుంది. కుళ్ళు అడ్డొస్తే శబ్దం ఆలస్యమవుతుంది కనుక లోపలి బొమ్మ తేలుతుంది. ఇవేవీ లేని చోట కన్ను, సుత్తి, ఊచ చాలు. కానీ వాటితో తేలని చెట్టును ‘తేలలేదు’ అనే లెక్కలోనే వేయాలి, బాగున్నదాంట్లో కలపకూడదు.

యాష్ చెట్లు మార్చిన పద్ధతి

ఎక్కడం మీద పునరాలోచన ఎంతగా అవసరమైందో చెప్పడానికి బ్రిటన్‌లోని యాష్ చెట్లు మంచి ఉదాహరణ. గొడ్డళ్ళ పిడులకు, హాకీ కర్రలకు వాడేంత సాగుడు గుణం ఉన్న కర్ర అది. తూర్పు ఆసియా నుంచి వచ్చిన హైమెనోసైఫస్ అనే శిలీంధ్రం 1990లలో పోలెండులో ఈ చెట్లను ఎండబెట్టడం మొదలుపెట్టి, 2012లో బ్రిటన్‌లో బయటపడింది. జబ్బుపడిన యాష్ పైకొమ్మలు ఊహించనంత పెళుసుగా తయారవుతాయి. నీరసించిన చెట్టు మొదలును ఇతర కుళ్ళు శిలీంధ్రాలు పట్టుకుంటాయి. అంతకు ముందు నిశ్చింతగా ఎక్కిన కొమ్మలు తాడు వేయగానే విరగడం పనివాళ్ళు చూశారు. అందుకని చెట్టు తలలో ఎంత భాగం ఆకు మిగిలిందో చూసి నాలుగు తరగతులుగా విడగొట్టడం మొదలైంది: ముప్పావుకు పైన, సగం నుంచి ముప్పావు దాకా, పావు నుంచి సగం దాకా, పావు లోపు. తరగతి దిగేకొద్దీ మనిషి ఎక్కడం మానేసి లిఫ్ట్ బండినీ యంత్రాలనూ వాడడం రివాజైంది. చెట్టు పూర్తిగా చచ్చేదాకా ఆగితే కోయడం మరింత ప్రమాదకరమవుతుందని, కోయక తప్పనివాటిని ముందే కోయాలని కూడా అక్కడి అనుభవం నేర్పింది. ఇది మన దగ్గరికీ వర్తించే సంగతి. నాలుగేళ్ళు వాయిదా వేసిన చచ్చిన చెట్టు మన వేడికీ వానకూ చెదకూ ఇంకా తొందరగా పాడవుతుంది.

ఎక్కాలా వద్దా

చెట్టు మీదికి ఎక్కకుండా పని జరిగే దారి ఉంటే అదే దారి. వీధిదీపాలు మార్చే బుట్ట ఉన్న లిఫ్ట్ బండి చెట్టు పక్కకు రాగలిగితే మనిషి బరువు చెట్టు మీద పడదు. క్రేను వస్తే దుంగల బరువు కూడా పడదు. పక్కన గట్టి చెట్టు ఉంటే పనివాడి ప్రాణాధారమైన తాడును దానికి వేయవచ్చు. ఇవేవీ కుదరక, పరీక్షలో మాను, వేళ్ళు, తాడు వేసే పంగ మూడూ గట్టివని తేలితేనే ఎక్కడం ఆలోచించాలి.

ఎక్కే ముందు బరువు పరీక్ష ఉంటుంది. సన్న తాడుకు బరువు సంచి కట్టి పైపంగ మీదుగా విసిరి, దాని వెంట అసలు తాడు లాగుతారు. కింద నుంచి ఇద్దరు ముగ్గురు ఆ తాడుకు వేలాడి, కొద్దిగా ఊగి చూస్తారు. ఎక్కేవాడు వేసే బరువు కన్నా పరీక్ష బరువు ఎక్కువ ఉండాలి. తాడు మాను పక్కనే నిలువుగా దిగితే పంగ మీద పడేది ఎక్కువగా కిందికి నొక్కే బరువే. ఎక్కినవాడు కొమ్మ చివరికి జరిగితే తాడు వాలుగా లాగి పంగను వంచుతుంది. కింద నిలిచిన పరీక్షను నమ్మి పైన పక్కకు పోవడంలో ఈ ఉచ్చు ఉంది.

బ్రిటన్‌లో 2020 నుంచి పరిశ్రమ నియమావళి ప్రకారం ఎక్కేవాడికి వేర్వేరు చోట్ల కట్టిన రెండు తాళ్ళ ఆధారం ఉండాలి. అమెరికాలో 1968లో కొడుకును చెట్టుపనిలో పోగొట్టుకున్న ఒక తల్లి పట్టుపట్టడంతో మొదలైన కృషి 1972లో ఆ దేశపు తొలి చెట్టుపని భద్రతా ప్రమాణంగా వెలువడింది. మన దేశంలో ఎత్తు పనులకు వాడే ఒంటి పట్టాలకు ఐఎస్ 3521 ప్రమాణం ఉంది. నడుముకు ఒక్క తాడు చుట్టుకుని ఎక్కే పద్ధతిలో, జారినప్పుడు తాడు పడకుండా ఆపినా ఆ కుదుపు మొత్తం నడుము మీద, పొట్ట మీద పడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2024 జులైలో గీత కార్మికుల కోసం ప్రారంభించిన ‘కాటమయ్య రక్షణ కవచం’ ఈ లోటును తీర్చడానికి వచ్చినదే. మోకు, ముస్తాదుతో తాటిచెట్టు ఎక్కే మనిషి జారినా అది కింద పడకుండా ఆపుతుంది. కానీ ఏ కవచమైనా మనిషిని చెట్టుకు కట్టి ఉంచుతుంది. చెట్టే విరిగితే కట్టు మనిషిని దానితోపాటు తీసుకుపోతుంది.

దుంగలు దించేటప్పుడు

పచ్చి కర్ర ఘనమీటరు సుమారు టన్ను తూగుతుంది. 60 సెంటీమీటర్ల లావు మానులో ఒక్క మీటరు ముక్క 280 కిలోల దాకా ఉంటుంది. కళ్ళతో చూసి చెప్పే బరువు ఎప్పుడూ తక్కువగానే వస్తుంది.

పైన గిలక కట్టి, తాడు దాని మీదుగా వేసి, కింద ఒకరు పట్టుకుని దుంగను దించడం మామూలు పద్ధతి. 100 కిలోల దుంగ కదలకుండా వేలాడుతోందనుకుందాం. కింద తాడు పట్టుకున్న పక్క కూడా దాదాపు అంతే బలంతో లాగుతోంది కనుక గిలక కట్టిన చోట పడేది 200 కిలోలు. ఇది దుంగ కదలనప్పటి మాట. చెట్టు పైముక్కను కోసి, కోత కింద కట్టిన గిలక మీదికి జారవిడిచినప్పుడు అది కొంత దూరం పడి తాడుకు చిక్కుకుంటుంది. ఆ కుదుపు దుంగ బరువుకు ఎన్నో రెట్లు ఉంటుంది, ఆ మొత్తం రెట్టింపై గిలక మీదికి వస్తుంది. పది మీటర్ల ఎత్తున పక్కకు లాగే ప్రతి 100 కిలోలూ మొదలు దగ్గర వెయ్యి కిలోల బలం ఒక మీటరు ఎత్తున తోసినంత వంపు పుట్టిస్తాయి. మొదలే పుచ్చి ఉన్న చెట్టుకు అన్నిటికన్నా చెడ్డ భారం ఇదే. పెద్ద గాలులకు నిలిచిన చెట్లు ఇలాంటి కుదుపుకు మొదట్లో విరిగి, పైన కట్టుకుని ఉన్నవాణ్ణి మోసుకుపోతాయి.

దీనికి విరుగుడు బలమైన తాడు కాదు. తాడు తెగకపోతే చెట్టు తెగుతుంది. ముక్కలు చిన్నవి చేయాలి. దుంగ పడగానే తాడును బిగపట్టకుండా జారనిస్తూ మెల్లగా ఆపాలి. కింద చోటు ఖాళీ ఉంటే తాడే లేకుండా వదిలేయడం పుచ్చిన చెట్టుకు మేలు, నేల మీద పడే ముక్క చెట్టును లాగదు. అందుకు కింద మనుషులను దూరంగా ఉంచాలి, పెంకుటిల్లో మంచినీళ్ళ పైపో ఉంటే కప్పాలి.

ప్రతి కోతతో చెట్టు మారుతుంది. కొమ్మలు పోయేకొద్దీ గాలి పట్టు తగ్గుతుంది, అది లాభం. కానీ కొమ్మలూ ఆకులూ ఊగి మాను ఊపును మింగేస్తుంటాయి. అవి పోయిన మోడు మాను చివరి పైముక్క తెగగానే ముందుకూ వెనక్కూ గట్టిగా ఊగుతుంది. ఉదయం ఎక్కడానికి పనికొచ్చిన చెట్టు మధ్యాహ్నానికి పనికిరాకపోవచ్చు. దించే పని మధ్యలో ఆపి, మిగతాది కింద నుంచి కోయడమో క్రేను పిలవడమో చేసిన మేస్త్రీని పిరికివాడనడం అన్యాయం.

కింద నుంచి కోయడమూ పుచ్చిన మానుకు సులభం కాదు. పడేవైపు గాటు పెట్టి, వెనక నుంచి కోస్తూ, మధ్యలో మాను లావులో పదో వంతు మందం కర్రను కోయకుండా వదులుతారు. ఆ పట్టీ మడతబందుగా పనిచేసి చెట్టును అనుకున్న వైపు పడేస్తుంది. అక్కడ కర్ర పుచ్చి ఉంటే పట్టీ ముందే తెగి చెట్టు ఇష్టమొచ్చిన వైపు పడుతుంది. అందుకే గాటును గట్టి కర్ర ఉన్న ఎత్తుకు జరుపుతారు. చెట్టు వెనక్కి తిరగకుండా ఎత్తున తాడు కట్టి దూరం నుంచి లాగుతారు. పారిపోయే దారి ముందే శుభ్రం చేసుకుంటారు.

కొబ్బరి, తాడి

ఇప్పటిదాకా చెప్పిన లెక్కలు కొబ్బరికీ తాడికీ సరిపడవు. వీటికి ఏటా లావెక్కే పొర ఉండదు, గాయం చుట్టూ కొత్త కర్ర కట్టవు. మాను బలమంతా బయటి దట్టమైన పీచులోనే ఉంటుంది, మధ్య మొదటినుంచీ మెత్తనే. కనుక కొబ్బరి మాను మీద బయటివైపు పడ్డ కుళ్ళు, అంతే లావు లోపలి కుళ్ళు కన్నా ఎక్కువ కీడు.

మొదలు దగ్గర ముదురు ఎరుపు బంక కారుతూ, కింది మట్టలు మాను చుట్టూ వేలాడుతుంటే గానోడెర్మా వేళ్ళను తినేస్తోందని అర్థం. మన గోదావరి జిల్లాల కొబ్బరి రైతులకు ఈ తెగులు పాత శత్రువు. ఎర్రముక్కు పురుగు దారి వేరు. అది మొవ్వులో, మానులో దూరి లోపల పీచును నమిలేస్తుంది. రంధ్రాల్లోంచి నమిలిన పీచు, గోధుమరంగు రసం బయటికి వస్తాయి, మానుకు చెవి ఆనిస్తే కొరికే చప్పుడు వినిపిస్తుంది. నడి మొవ్వు వాలిందంటే తల ఏ క్షణమైనా విరిగి పడవచ్చు. పిడుగు పడి తల రాలిన తాడిమోడు సంగతీ ఇంతే. ఈ మూడు రకాల చెట్లనూ ఎక్కకూడదు. పంగ అంటూ లేని చెట్టుకు రెండో ఆధారం ఉండదు.

తుపాను తర్వాత ఈ జాగ్రత్త మరీ అవసరం. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖ చెట్లను, 2018 అక్టోబరులో తిత్లీ ఉద్దానం కొబ్బరి తోటలను నేలమట్టం చేశాయి. కూలినవాటి కన్నా సగం ఒరిగి వేరొకదాని మీద ఆనిన చెట్లు ఎక్కువ ప్రమాదకరం. వంగి బిగుసుకున్న కర్రను కోయగానే అది విడిచిన స్ప్రింగు వేగంతో తన్నుతుంది, పీకిన వేళ్ళ దిమ్మ మళ్ళీ గుంటలో కూర్చుంటుంది.

అనుమతులు, బేరం

చెట్టు తీగలకు దగ్గరగా ఉంటే విద్యుత్ శాఖ నుంచి లైన్ క్లియర్ తీసుకుని, సరఫరా ఆగిందని నిర్ధారించుకున్నాకే పని మొదలుపెట్టాలి. పచ్చి కొమ్మ 11 కేవీ తీగకు తగిలితే దాని గుండా కరెంటు కిందికి వస్తుంది. చెట్టు కొట్టడానికి 2002 నాటి వాల్టా చట్టం కింద రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అనుమతి కావాలి. ప్రమాదకరంగా ఉందన్న కారణం ఆ అనుమతికి బలమిస్తుంది గాని దాన్ని రద్దు చేయదు.

కొట్టకుండా వదిలే దారి కూడా ఉంది. మహబూబ్‌నగర్ దగ్గరి పిల్లలమర్రిలో 2017 డిసెంబరులో చెదపట్టిన పెద్ద కొమ్మ విరిగిపడినప్పుడు సందర్శకులను ఆపి, కొమ్మలకు దిమ్మెల ఆసరా ఇచ్చి, 2018లో సెలైన్ సీసాల ద్వారా పురుగుమందును మానులోకి బొట్టుబొట్టుగా ఎక్కించారు. పుచ్చిన చెట్టు కింద మనుషులు లేకపోతే అది ఎవరికీ ప్రమాదం కాదు. బరువు తగ్గించి, కింద కంచె వేసి, పక్షులకూ పాములకూ వదిలేయదగ్గ చెట్లు ఊళ్ళలో చాలానే ఉన్నాయి.

కొట్టక తప్పనిచోట మాత్రం బేరం ఆడే పద్ధతి మారాలి. చెట్టుకు ఇంత అని మాట్లాడుకుని, ఎలా దించుకుంటావో నీ ఇష్టం అని వదిలేస్తే, పనివాడు ఎక్కకూడని చెట్టునే ఎక్కుతాడు, ఎందుకంటే లిఫ్ట్ బండి అద్దె అతని కూలి కన్నా ఎక్కువ. ఇంటి యజమాని, అపార్టుమెంటు సంఘం, పంచాయతీ ఎవరైనా సరే, పుచ్చిన చెట్టుకు బేరం ఆడేటప్పుడు ఆ బండి అద్దెను కూలితో కలపకుండా వేరుగా లెక్కగట్టి, అది తామే ఇస్తామని ముందే చెప్పాలి.